ట్రాక్ గొంతు

మధు స్టూడియోలో హెడ్‌ఫోన్ పెట్టుకోవడమంటే, ఒకరు తిని లేచిన విస్తరి ముందు కూర్చుని అన్నం కలుపుకోవడమే అనిపించేది సాయిప్రియకు. దాని స్పాంజికి ఎవరెవరి తలనూనెలో పట్టి నల్లబడిపోయింది. అక్కడక్కడ పెచ్చులూడింది. చెవికి ఆనగానే తడితడిగా అంటుకునేది. అందుకని ఆమె ముందు చున్నీని చెవుల మీదుగా చుట్టుకుని, దాని మీద హెడ్‌ఫోన్ పెట్టుకునేది.

"ఏంది పిల్లా, పెండ్లికూతురు లెక్క ముసుగేసినవ్? గట్లయితే గొంతు ఇనబడుతదా?" అనేవాడు మధు.

"ఇనబడుతదన్నా," అనేది ఆమె, తల ఎత్తకుండానే.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ నెత్తిన ఉంది ఆ స్టూడియో. కింద మెట్ల మీద ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల చెప్పులు గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని దాటుకుంటూ పైకి వస్తే రెండు గదులు. ఒకదానికి గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించి రికార్డింగ్ రూమ్ అని పేరు పెట్టారు. వానాకాలం ఆ అట్టలు చెమ్మ పట్టి నీచు వాసన వేస్తాయి. రెండో గదిలో కంప్యూటర్. ఆ టేబుల్ కింద ఒక నీళ్ల సీసా ఉంటుంది కానీ అందులో నీళ్లుండవు. మధు నమిలిన గుట్కా అందులో ఉమ్ముతాడు. సగం నిండిన ఆ సీసాకు కాలు తగులుతుందేమోనని సాయిప్రియ రోజంతా మడమలు కుర్చీ కిందికి ముడుచుకుని కూర్చునేది.

యాచారం అవతల పల్లెలో ఇంటర్ దాకా చదివి, మీర్‌పేటలో బాబాయి ఇంట్లో ఉంటూ ఎడిటింగ్ నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల. నలుగురిలో నోరు విప్పదు. బస్సులో కండక్టర్ ఎక్కడికని అడిగినా గొంతు పెగలదు. అటువంటి పిల్ల పాడుతుందని ఎవరికి తెలుస్తుంది? గది ఊడుస్తూ కూనిరాగం తీస్తుంటే మధు విన్నాడు. ఆ వినడమే కొంప ముంచింది.

ఇప్పుడు ఊళ్లో ఓణీల ఫంక్షన్ల తీరు మారింది. పిల్ల మీద ఒక పాట రాయిస్తారు. పాడించి, ఆ పిల్ల చేతే పెదవులు కదిపించి, వీడియో తీయించి, ఫంక్షన్ హాల్లో పెద్ద తెర మీద వేస్తారు. కర్మన్‌ఘాట్‌లో ఉండే విజయదుర్గ తన కూతురు తన్మయికి అటువంటిదే చేయిస్తోంది. వాళ్లది భీమవరం దగ్గర. వ్యాపారం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మిగతా వాళ్ల కంటే ఒక మెట్టు పైన ఉండాలని ఆవిడ పాట తనే పాడతానంది. "తల్లి గొంతు, కూతురి ముఖం" అని శుభలేఖ మీద బంగారు అక్షరాల్లో అచ్చు వేయించి పంచేసింది కూడా.

తీరా తుర్కయంజాల్ దగ్గర తోటలో షూటింగ్ ఇంకో వారం ఉందనగా ఆవిడకు జలుబు చేసి గొంతు పూడుకుపోయింది. తోట మళ్లీ దొరకదు, కెమెరా వాళ్లు మళ్లీ దొరకరు. మధు ఒక ఉపాయం చెప్పాడు.

"మా పిల్లతోని ట్రాక్ పాడిస్త మేడం. దానికి పాప యాక్టింగ్ చేస్తది. గొంతు బాగైనంక మీరు పాడుండ్రి. ట్రాక్ తీసేసి మీది ఏస్తం."

ట్రాక్ అంటే అసలు గొంతు వచ్చేదాకా చోటు నింపడానికి ఇంకొకరు పాడిపెట్టేది. జాకెట్టు కుట్టేముందు దర్జీ వేసే కచ్చా కుట్టు లాంటిది. మిషన్ కుట్టు పడగానే దాన్ని పీకి పారేస్తారు. ఆ సంగతి సాయిప్రియకు తెలుసు. తెలిసే పాడింది. కోడిగుడ్ల అట్టల గదిలో లైటు ఆర్పించి, మధును బయటికి పొమ్మని, చీకట్లో గోడ వైపు తిరిగి పాడింది. ఎలాగూ చెరిపేసే గొంతే కదా అన్న ధైర్యమే ఆమెను పాడించింది.

ఆ పాటను తన్మయి వారం రోజులు ఇంట్లో వింటూ తిరిగింది. సాయిప్రియ ఎక్కడ ఊపిరి పీలిస్తే అక్కడ పీల్చింది, ఎక్కడ సాగదీస్తే అక్కడ సాగదీసింది. షూటింగ్‌లో పిల్ల పెదవులు పాట మీద పాలమీగడలా నిలిచాయి. ఆ తర్వాత తల్లి వచ్చి పాడింది. రాగం తప్పలేదు, తాళమూ తప్పలేదు. కానీ ప్రతి చరణం ఒక్క రవ్వ ఆలస్యంగా ఎత్తుకుంటుంది. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంది. ఆ గొంతు వీడియో మీద వేసి చూస్తే పిల్ల నోరు మూసుకున్నాక పాట వస్తోంది. పిల్ల నోరు తెరిచి ఉండగా పాట ఆగిపోతోంది. ఎవరో వెనక నుంచి బొమ్మను ఆడిస్తున్నట్టుంది.

సాయిప్రియ నిన్నంతా దాంతో కుస్తీ పట్టింది. ఇవాళ పొద్దున మధు మిర్చి బజ్జీ తింటూ వచ్చి, నూనె చేత్తోనే కీబోర్డు మీటలు నొక్కి, ఒకసారి తల్లి గొంతుతో, ఒకసారి ట్రాక్‌తో పెట్టి చూశాడు.

"సాయీ, ఇగ చాలు. మేడందాన్ని పక్కన పెట్టు. ట్రాకే ఉంచుదాం."

"ట్రాకా?"

"నీదే. మూతికి అతికిచ్చినట్టు కూసున్నది సూడు. పేరు మాత్రం మేడందే ఏస్తం. రేపే ఫంక్షన్. ఎవలకు ఎర్క?"

తన గొంతు అంత బాగుందా అని ఒక్క క్షణం ఒంట్లో ఏదో పులకించిన మాట నిజం. ఆ వెంటనే అమ్మ గుర్తుకొచ్చింది. వాళ్ల ఇంట్లో చెంబు పెదవికి తగిలితే అమ్మ దాన్ని చింతపండు పెట్టి తోమేది. ఒకరి నోట్లోది ఇంకొకరి నోట్లోకి పోవడమంటే అమ్మకు లోకంలో దాన్ని మించిన రోత లేదు. ఇప్పుడు తన నోట్లోంచి వచ్చింది ఇంకెవరో తమ నోట్లోదని చెప్పుకుని ఊరందరికీ వడ్డిస్తారట. చెరిపేస్తే ఆమెకు బాధ లేదు. పీకేసిన కచ్చా కుట్టుకు ఏం బాధ? కానీ ఇది పీకెయ్యడం కాదు.

"వద్దన్నా," అంది. ఆ మాట ఇంత గట్టిగా వస్తుందని ఆమే అనుకోలేదు. "సాయంత్రం మేడం చూడనీకి వస్తది కదా. అందాక టైమియ్యి. మేడం గొంతునే కలుపుత."

"నిన్నటిసంది కలుపుతనే ఉంటివి."

"ఇయ్యాల కలుస్తది."

"కలవకుంటే?"

మధు బజ్జీ తొడిమ కిటికీలోంచి విసిరేసి, "కలవకుంటే ట్రాకే. గంతే," అని కిందికి పోయాడు.

సాయిప్రియ మీటలను తడిగుడ్డతో తుడిచి, చున్నీ చుట్టుకుని కూర్చుంది.

పెదవులు కలవకుండా ఈ భూమ్మీద ఎవరూ "అమ్మ" అనలేరు. ఈ పనికంతా ఆధారం అదే. ప, బ, మ వచ్చిన చోటల్లా నోరు మూతపడి తీరాలి. బొమ్మలో నోరు మూతపడే చోట ఒక గుర్తు పెట్టుకోవాలి. గొంతులో ఆ అక్షరం పలికే చోట ఇంకో గుర్తు పెట్టుకోవాలి. ఆ రెండు గుర్తులూ ఒకదాని కింద ఒకటి వచ్చేదాకా గొంతును జరపాలి. అదృష్టం కొద్దీ పాట నిండా మకారాలే ఉన్నాయి.

మడత విప్పిన ఓణిలోన మల్లెవాసన దాచినానే
అమ్మ చేతి పసుపు తగిలి అద్దమంతా పండెనమ్మా

వినడానికి బాగానే ఉంటుంది. నోటిని తెర నిండా పెద్దది చేసుకుని పొద్దంతా చూస్తే తెలుస్తుంది అందులోని సుఖం. మనిషి నోరు దగ్గర నుంచి చూడాల్సింది కాదు. పూసిన రంగు పగుళ్లలోకి దిగి ఉంటుంది. పంటికి ఎర్రగా అంటుకుని ఉంటుంది. తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకుంటుంది. ఒడ్డున పడ్డ చేపను చూస్తున్నట్టుంటుంది. ఆ పక్క హెడ్‌ఫోన్‌లో విజయదుర్గ గుటకలు మింగడం, పెదవులు చప్పరించడం, గాజులు గలగలలాడటం. రెండో చరణానికి ముందు ఫోనెత్తి పనిమనిషితో మాట్లాడింది కూడా చెరపకుండా అలాగే ఉంది. "పాలు పొంగించేశావా? నీ చేతులు పడిపోను, గట్టు మీదంతానా?" అని తిట్టి, అదే ఊపిరితో "అమ్మ చేతి పసుపు" అని ఎత్తుకుంది. సాయిప్రియకు నవ్వు రావలసింది. రాలేదు.

గొంతును సాగదీస్తే పెదవికి అందుతుంది గానీ దూడ అరిచినట్టు అవుతుంది. కాబట్టి చిటికెడు మించి సాగదీయకూడదు. మాటకూ మాటకూ మధ్య కోసి, ఒక్కొక్క ముక్కనూ తన చోటికి జరిపింది. ఎక్కడ ఏం చేసినా అందదో అక్కడ పిల్ల ముఖం తీసేసి వేరే బొమ్మ వేసింది. గాజుల చెయ్యి. జడగంటలు. వెనక నుంచి నడిచి వెళ్తున్న ఓణీ. ముఖం కనిపించకపోతే అబద్ధం ఆడాల్సిన పని లేదు.

మధ్యాహ్నానికి ఒక్క చోటు తప్ప అంతా కుదిరింది. పాట ఆఖర్న "అమ్మ చేతి పసుపు" మళ్లీ వచ్చేచోట కెమెరా తన్మయి ముఖం దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోతుంది. అక్కడ విజయదుర్గ "అద్దమంతా" అని, ఆగి, చేటలో బియ్యం చెరిగినంత చప్పుడుతో ఊపిరి పీల్చి, అప్పుడు "పండెనమ్మా" అంటుంది. పిల్ల నోరేమో ఆగకుండా పాడేస్తూ ఉంటుంది. ఆ ఒక్క ముక్క మళ్లీ పాడితే చాలు. సాయిప్రియ చాలాసేపు ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది. ఫోన్లో మాట్లాడటమంటే ఆమెకు భయం. చివరికి చేసింది.

"మేడం, నేను సాయిప్రియ. మధన్న స్టూడియోలకెంచి."

"ఏ సాయిప్రియ?"

"ట్రాక్ పాడిన..."

"ఆఁ, ఆఁ, చెప్పమ్మాయ్. అయిపోయిందా?"

"ఒక్క ముక్క మిగిలింది మేడం. జర వచ్చి మళ్ల పాడితిరంటే..."

"ఇప్పుడా? భలేదానివే! నేను మగ్గం వర్క్ షాపులో ఉన్నాను. ఒక చేతికి నెమలి వేసి రెండో చేతికి చిలక వేసి చచ్చాడు వీడు. అది చూసుకోనా, నీ ముక్క చూసుకోనా? మీరే ఏదో అడ్జస్ట్ చేసెయ్యండి. అంతా కంప్యూటరే కదా చేసేది, మీరా చేసేది?"

ఫోను పెట్టేసింది. సాయిప్రియ వాడకుండా వదిలేసిన వీడియోలన్నీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టింది. కెమెరా ఆపడం మరిచిపోయి తీసినవి, లైట్లు సర్దుతుండగా తీసినవి. వాటిలో ఒక చోట తన్మయి చెవి పక్కన మల్లెచెండు జారిపోతోంది. తల్లి చెయ్యి వచ్చి దాన్ని మళ్లీ గుచ్చుతోంది. పిల్ల తలెత్తి తల్లి వైపు చూసింది. అది నటన కాదు. కెమెరా నడుస్తోందని తెలియక చూసిన చూపు. ఆ ముక్కను కోసి తల్లి ఊపిరి పీల్చే చోట పెట్టింది. మొదటి నుంచి వేసి చూసింది.

కలిసింది. విజయదుర్గ గొంతు పల్చన. పై స్వరానికి పోతే వణుకుతుంది. గొప్పేమీ లేదు. కానీ ఆవిడదే. కూతురి పెదవుల మీద ఎక్కడా జారకుండా నిలిచింది. సాయిప్రియ చున్నీ విప్పి గాలి పీల్చుకుంది. ఇక తన గొంతును ఎవరూ ముట్టుకోనక్కర్లేదు.

సాయంత్రం తల్లీకూతుళ్లు వచ్చారు. కుర్చీలో కూర్చోబోతూ విజయదుర్గ టిష్యూ కాగితం తీసి సీటు తుడిచింది. ఆ ఒక్క పనిలో సాయిప్రియకు ఆవిడ మీద కాస్త గౌరవం కలిగింది. అది ఎంతోసేపు నిలవలేదు.

"ఫస్ట్ గిది సూడుండ్రి మేడం," అంటూ మధు ట్రాక్ ఉన్న వీడియో వేశాడు.

"అన్నా, మనం అనుకున్నం కదా..." అంది సాయిప్రియ మెల్లగా.

"ఊకో."

పాట మొదలైంది. తన గొంతు వాళ్ల ముందు వినపడుతుంటే సాయిప్రియ గోడకు ఆనుకుని నేల చూపులు చూసింది. పాట అయ్యేసరికి విజయదుర్గ కళ్లు తుడుచుకుంటోంది.

"చూశావా తన్మయీ? మీ నాన్న ఎప్పుడూ నాకు గొంతు లేదంటారు. రేపు విననీ ఆయన్ని!"

"మమ్మీ, అది నీ వాయిస్ కాదు," అంది తన్మయి ఫోనులోంచి తల ఎత్తకుండా. "అక్కది."

"నువ్వు నోర్ముయ్. గేమ్ ఆడుకో."

అప్పుడు సాయిప్రియ ముందుకు వచ్చింది. "ఇంకోటుంది మేడం. మీ గొంతుతోని చేసింది. పెదాలు కూడ కలిసినయి." ఎవరూ అవునూ కాదూ అనకముందే వంగి, పొద్దున నుంచి చేసినది వేసింది.

విజయదుర్గ మొదటి చరణం దాకా విని ముఖం చిట్లించింది. "ఎవరిదిది?"

"మీదే మేడం."

"ఛీ! నాదా? జలుబు చేసిన పిల్లిలా ఉంది. నేనిలా పాడతానా? మధూ, మీ మైకులో ఏదో తేడా ఉందయ్యా."

"మైకుదే మేడం. పాతదైంది, మార్చాలె," అన్నాడు మధు చేతులు నలుపుకుంటూ.

"అదీ సంగతి. మొదటిదే నా గొంతు. అదే వెయ్యండి. ఇది చెరిపెయ్యండి."

తన గొంతును తనే కాదంది. అంతసేపు ఆవిడ గుటకలు, ఊపిరి చప్పుళ్లు, పాలు పొంగిన తిట్లు అన్నీ వడగట్టి ఏరి తీసిన గొంతు అది. ఇంట్లో పుట్టిన బిడ్డను పక్కింటి వాళ్లదని చెప్పినట్టు ఉంది సాయిప్రియకు.

వెళ్తూ వెళ్తూ విజయదుర్గ ఆమెను మెట్ల దగ్గరికి పిలిచింది. గొంతు తగ్గించి, "నువ్వే పాడావని నాకు తెలీదనుకోకమ్మాయ్," అంది. "నాకేం చెవుడు కాదు. శుభలేఖల్లో అచ్చు వేయించేశాను. మా వాళ్లలో నవ్వులపాలవనా? పాట పాటే. ఎవరి నోట్లోంచి వస్తే ఏం?"

సంచిలోంచి పూతరేకుల డబ్బా తీసింది. ఒకటి తను కొరికి, వేళ్లకంటిన నెయ్యి శుభ్రంగా నాకి, అవే వేళ్లతో ఇంకోటి తుంచి సాయిప్రియ నోట్లో కుక్కింది. "తిను, తిను. మొహమాటపడకు. ఆత్రేయపురం నుంచి తెప్పించా."

కాదనడానికి నోరు ఖాళీ లేదు. ఆ తీపి ముద్దను నాలుక మీద పెట్టుకుని, మింగలేక, ఆవిడ కారు సందు మలుపు తిరిగేదాకా నిలబడింది. తర్వాత కుళాయి దగ్గరికి పరుగెత్తి ఉమ్మేసి, పుక్కిలించి, మళ్లీ పుక్కిలించింది. నెయ్యి వాసన పోలేదు. ఆవిడ మీద ఎంత రోత పుట్టిందో, నోట్లో పెడుతుంటే నిలబడి పెట్టించుకున్న తన మీద అంతకంటే ఎక్కువ పుట్టింది.

మర్నాడు ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాల్. పోనని పిన్నికి చెప్పి పడుకోవచ్చు. కానీ తన గొంతును తను లేని చోట ఊరేగిస్తుంటే ఇంట్లో దుప్పటి కప్పుకుని ఉండటం ఆమెకు సాధ్యం కాలేదు. వెళ్లింది. మధు ఆమెను వేదిక పక్కన పూల తెర చాటున కూర్చోబెట్టాడు. ముందు ల్యాప్‌టాప్, దాని పక్కన మైకుల శబ్దం పెంచి తగ్గించే పెట్టె.

వేదిక మీద తన్మయి గంధం రంగు ఓణీలో, నగల బరువుకు మెడ వాల్చి కూర్చుంది. అత్తలూ పిన్నులూ వరసగా వచ్చి అక్షింతలు వేసి, ఫొటో కోసం నవ్వి, ఫొటో అయిపోగానే నవ్వు తీసేసి దిగిపోతున్నారు. భోజనాల హాల్లోంచి చేపల పులుసు వాసన, వేదిక మీద సెంటు వాసన, రెండూ కలిసి ఏసీ గాలిలో తిరుగుతున్నాయి.

పాట వేశారు. మనిషి కంటే ఎత్తున్న స్పీకర్లలోంచి సాయిప్రియ గొంతు హాలంతా నిండింది. తెర మీద పెద్ద అక్షరాల్లో "గానం: శ్రీమతి విజయదుర్గ" అని పడింది. చప్పట్లు మోగాయి. అన్నిటికంటే ముందు వరసలో కూర్చున్న అమ్మాజీ, విజయదుర్గ మేనత్త, కుర్చీ చేతిని చరిచింది.

"ఏమే దుర్గా! ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్లూ మా దగ్గర దాచావా? తెర మీద కాదు, ఇక్కడ పాడు. మా చెవులతో వింటాం."

"అబ్బే, ఇప్పుడెందుకత్తా..."

"పాడవే! మీ ఆయన పర్మిషన్ కావాలా?"

హాలంతా నవ్వింది. మైకు పట్టుకున్న యాంకర్ పిల్ల ఆ నవ్వును అందుకుంది. "మేడం, మేడం! రెండు లైన్లు!" అంటూ మైకు తెచ్చి విజయదుర్గ చేతిలో పెట్టింది. విజయదుర్గ నవ్వుతూనే పూల తెర పక్కన నిలబడ్డ మధు వైపు చూసింది. ఆ చూపు అర్థం చేసుకోవడానికి మధుకు రెప్పపాటు కూడా పట్టలేదు. పెట్టె మీద వేదిక మైకు మీటను కిందికి లాగేశాడు. ఇంకో మైకు తీసి సాయిప్రియ చేతిలో పెట్టాడు.

"నువ్వు ఇక్కడికెంచి పాడు. ఆమె నోరు ఆడిస్తది. పూలడ్డమున్నయి, ఎవలకు కనబడవు. జల్ది."

సాయిప్రియ మైకు వైపు చూసింది. పొద్దున నుంచి చేతులు మారి మారి దాని జాలీ మీద ఎవరెవరి తుంపరలో ఎండి ఉన్నాయి.

మధు ల్యాప్‌టాప్ మీట నొక్కగానే మాటలు లేని సంగీతం మొదలైంది. వెనక తెర మీద తన్మయి బొమ్మ శబ్దం లేకుండా కదిలింది. విజయదుర్గ కళ్లు మూసుకుని, మైకును పెదవుల దగ్గరికి తెచ్చుకుంది. పెదవులు కలిశాయి. మకారం. విడిపోయాయి. మడత విప్పిన ఓణిలోన. ఏ అక్షరానికి ఆ నోరు ఎలా తిరుగుతుందో సాయిప్రియకు కంఠతా వచ్చు. ఎక్కడ అందుకోవాలో రవ్వ తేడా లేకుండా తెలుసు. అందుకోలేదు.

"పాడవేందే!" మధు ఆమె భుజం గిల్లాడు.

ఆమె పెదవులు బిగించింది. వేదిక మీద విజయదుర్గ మల్లెవాసన అంటోంది, దాచినానే అంటోంది. హాలులో ఒక్క మాట వినపడటం లేదు. సంగీతం మీద ఉత్త నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. వెనక వరసల్లోంచి ఎవరో "సౌండ్! సౌండ్!" అని అరిచారు.

సాయిప్రియ చెయ్యి చాచి వేదిక మైకు మీటను పైకి నెట్టింది.

స్పీకర్లలోంచి ఒక ఊపిరి వినిపించింది. భయపడ్డ మనిషి ఊపిరి. విజయదుర్గ కళ్లు తెరిచి పూల తెర వైపు తిరిగింది. సందుల్లోంచి ఇద్దరి చూపులూ కలిశాయి. సాయిప్రియ తల దించుకోలేదు. సంగీతం ఎవరి కోసమూ ఆగదు కదా, తర్వాతి చరణం వచ్చేసింది. ఇక గత్యంతరం లేక ఆవిడ పాడింది.

"అమ్మ చేతి పసుపు తగిలి అద్దమంతా..." ఆగి, ఊపిరి పీల్చి, "పండెనమ్మా."

అదే పల్చటి గొంతు. అదే వణుకు. ఏ కోతా, ఏ అతుకూ లేకుండా నోరూ పాటా కలిసిపోయాయి. ఎవరికీ నచ్చలేదు. కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇదేంటే?" అంది అమ్మాజీ. "మరి ఇందాక తెర మీద పాడిందెవరు?"

జవాబు తన్మయి చెప్పింది, గాజుల చెయ్యి ఎత్తి పూల తెర వైపు చూపిస్తూ. "ఆ అక్క. నేను ముందే చెప్పాను మమ్మీకి."

తలలన్నీ తిరిగాయి. ఎవరో పిల్లవాడు పూల తెర పక్కకు లాగాడు. అంతమంది కళ్లూ ఒక్కసారిగా సాయిప్రియ మీద పడ్డాయి. ఆమె చెవుల దాకా వేడెక్కింది. యాంకర్ పిల్ల అప్పుడే మాట మార్చేసింది. "వావ్! అసలు సింగర్ ఇక్కడున్నారా! అక్కా, ఒక్క లైన్!" అమ్మాజీ కూడా ఆ వెంటనే, "ఏదీ, నువ్వు పాడమ్మా, వింటాం," అంది. ఇందాక దుర్గను పాడమన్న గొంతే, అదే తియ్యదనం. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. చేతుల్లో సగం కొరికిన లడ్డూలు పట్టుకుని, నోళ్లు ఆడిస్తూ, ఎదురుచూస్తున్నారు. మధు సైతం మూతికంటిన గుట్కా తుడుచుకుని, "పాడు సాయీ, నీ పేరు నేను చెప్త," అని గుసగుసలాడాడు. వేదిక మీద విజయదుర్గ ఇంకా మైకు పట్టుకునే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడింది. ఆవిడ వంక ఒక్కరూ చూడటం లేదు.

పేరు. నిన్న పొద్దున ఆ పేరు ఎవరైనా అడిగి ఉంటే సాయిప్రియకు సంతోషంతో ఏడుపొచ్చేది. ఇప్పుడు ఆ నోళ్లన్నీ చూస్తుంటే, తన గొంతు ఆ లడ్డూల మధ్యకు పోయి నమిలి మింగబడుతుందన్న ఊహకే ఒళ్లు జలదరించింది.

ఆమె మైకును నోటికి తగలనీయకుండా దూరంగా పట్టుకుంది.

"నేను పాడనండి," అంది.

ఆ మాట స్పీకర్లలోంచి హాలంతా వినిపించింది. మైకు టేబుల్ మీద పెట్టి, చేతిని చున్నీకి తుడుచుకుని, లేచింది. "రేపటిసంది రాకు!" అని మధు వెనక నుంచి అరుస్తున్నాడు. ఆమె కుర్చీల వరసల మధ్య నుంచి, ఎవరి చీరకూ తగలకుండా, వాకిలి వైపు నడిచింది. సంగీతం ఇంకా నడుస్తోంది. తెర మీద తన్మయి పెదవులు కదులుతూనే ఉన్నాయి.